నియమం లేని కొమ్మ

బ్రేకు పడింది. అయినా తడిసిన పట్టాల మీద చెరకు రైలింజను ఎర్రజెండా దాటి జారిపోయింది. డ్రైవరు క్లెమ్ ఒక మీట లాగాక గానీ ఆగలేదు.

"చూశావుగా డెస్లీ!" యజమాని గార్త్ వానలోనే అరిచాడు. "వెబ్ పేజీలు సింగారించే భాషతో ఇంజన్లు నడుపుతానంటివి. భోజనాల వేళకి ఇది ఆగకపోతే నీ కంపైలరు చెత్తబుట్టలోకే. బ్రిస్బేన్ నుంచి మనుషుల్ని రప్పించి చిప్పు ఆదేశాలన్నీ చేత్తో రాయిస్తా."

"వాళ్ళు రాసేలోపు చెరకు ఎండిపోతుంది. వెళ్ళి టీ పెట్టు."

ఇనిస్‌ఫెయిల్ చక్కెర మిల్లులో రేపే చెరకు గానుగ మొదలు. ఇంజనుకు కొత్త చిప్పు వచ్చింది. ప్రోగ్రామును చిప్పు భాషలోకి దించే డెస్లీ కంపైలరు, ముందు బ్రేకు ప్రోగ్రామును ట్యాగుల చెట్టుగా మారుస్తుంది; ఒక్కో పని ఒక్కో కొమ్మ. ఏ కొమ్మకు ఏ యంత్రాదేశం రాయాలో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అనే ఆ వెబ్ భాషలో రాసిన నియమాలు చెబుతాయి. చిప్పు మారితే నియమాలు మార్చుకుంటే చాలు.

"క్లెమ్, ఏ మీట లాగావు?" అందరూ షెడ్డులోకి వచ్చాక కంప్యూటరు ముందు కూర్చుంటూ అడిగింది డెస్లీ.

"ఇసుకది. చక్రాల కింద ఇసుక పడ్డాకే పట్టు దొరికింది."

"గార్త్, తడి పట్టాల మీద ఇసుక దానంతటదే పడాలని ప్రోగ్రాములో ఎవరు చేర్చారు?"

"నేనే. పోయిన వారం."

"నాకు చెప్పావా?"

గార్త్ టోపీ సర్దుకున్నాడు.

డెస్లీకి విషయం బోధపడింది. నియమం లేని కొమ్మ ఎదురైతే ఆ భాష గొడవ చెయ్యదు. చడీచప్పుడు లేకుండా దాటిపోతుంది. ఇసుక అలాగే మాయమైంది. ఆమె చకచకా ఒక కొత్త నియమం రాసింది: ఏ నియమానికీ చిక్కని కొమ్మ కనిపిస్తే దాని పేరు చెప్పి ఆగిపో.

"ఇసుకేనని తేలిపోయిందిగా, అది రాసెయ్యొచ్చుగా?" అన్నాడు క్లెమ్.

"తెలిసింది నేను రాస్తా. తెలియనిది అది చెప్పాలి."

కంపైలరు 'ఇసుక' అని ఆగింది. ఆమె నియమం రాసింది. మళ్ళీ ఆగింది: 'హారన్'.

క్లెమ్ ముఖం పాలిపోయింది. "బడి దగ్గర పిల్లలు పట్టాలు దాటే చోట గేటు కూడా లేదు కదమ్మా, హారనే దిక్కు!"

"హారన్ కూడా నీ పనేనా, గార్త్?"

గార్త్ పైకప్పు కేసి చూశాడు. డెస్లీ ఆ నియమమూ రాసింది. మూడోసారి కంపైలరు ఆగకుండా పని ముగించింది.

ఆ ప్రోగ్రామును చిప్పులోకి ఎక్కించగానే క్లెమ్ ఇంజనెక్కి దాన్ని వెనక్కి తీసుకెళ్ళాడు. బయట వాన ఇంకా పడుతూనే ఉంది. డెస్లీ గార్త్ చేతిలోని, మటన్ కూరిన 'పై' రొట్టె లాక్కుని, సంచీతో సహా జెండా పక్కన పట్టా మీద పెట్టింది.

"ఏయ్, అది నా భోజనం!"

"తింటావులే."

ఇంజను హారన్ మోగించుకుంటూ వచ్చింది. చక్రాల కింద ఇసుక కరకరలాడింది. సంచీకి మూరెడు ఇవతల ఇంజను ఆగింది.

గార్త్ వంగి సంచీ తీసుకుని, అందులోని రొట్టె ఒక ముక్క కొరికాడు.

"చల్లారిపోయింది," అన్నాడు. "మిగతా ఇంజన్లకి ఎప్పుడు ఎక్కిస్తావు?"