సామ్యూల్ ఒక్కడే పాడిన క్యాసెట్

కరీంనగర్ బస్టాండు వెనక గల్లీలో నాకో క్యాసెట్ల దుకాణం ఉండేది. రావులింట్లో పుట్టి, భూములు చూసుకోక క్యాసెట్లలో పాటలు నింపుకుంటున్నాడని మా బంధువులు నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకునేవాణ్ణి. జైపాల్‌రావు చెవి దాటి తప్పు స్వరం బయటికి పోదని నాకు నా మీద మహా నమ్మకం. ఆ నమ్మకమే ఒకసారి కొంప ముంచింది.

దుకాణం వెనక గదిని స్టూడియో అని పిలిచేవాణ్ణి. జమ్మికుంట నుంచి తెచ్చిన దూదిని గోనెసంచుల్లో కుక్కి నాలుగు గోడలకూ పేర్చాను. తలుపేస్తే బస్సుల హారన్లు, ఆటోల మోత ఎక్కడో ఆగిపోయేవి. లోపల కూర్చుంటే పొద్దెంతయిందో తెలిసేది కాదు. మన మాటే మనకు పక్క ఊరి నుంచి వస్తున్నట్టుండేది.

ఎనభై ఏడు ఎండాకాలంలో అక్కడికి సామ్యూల్ వచ్చాడు. నస్పూర్ దగ్గర బొగ్గుబాయిలో పని. నలభై ఏళ్లుంటాయి. భుజాన డోలక్, సంచిలో తాళాలు, పిల్లనగ్రోవి.

"ఎనిమిది పాటలున్నయి రావుసాబ్. నేనే కట్టిన. నేనే పాడుత, నేనే వాయిస్త. ఒక క్యాసెట్ చేసియ్యాలె."

"అన్నల పాటలైతే నేను నింప. ఠాణా దగ్గర్లనే ఉన్నది."

"గవి గావు. చర్చి పాటలు గూడ గావు. మా ఇంటి పాటలు."

రెండు రోజులు పట్టింది. ముందు డోలక్ ఒక మిషన్‌లో పట్టాం. దాన్ని వినిపిస్తూ గొంతుతో కలిపి రెండో మిషన్‌లోకి, మళ్లీ దాని మీద పిల్లనగ్రోవి. ఒక పాటలో బాయి అడుగున ఏరు పారుతుంది, చేపలు నొసటన దీపాలు కట్టుకుని తిరుగుతాయి. ఇంకో పాటలో చర్చికి పోయే దారిలో దూది వాన కురుస్తుంది, అందరూ తెల్లగా తడుస్తారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటూ రెండు రోజులూ అన్నం మాట మరిచిపోయాను.

కానీ నా చెవికి రెండు తప్పులు దొరికాయి. మనిషి మరీ కింది శ్రుతిలో పాడుతున్నాడు. పైగా ప్రతి చరణం తర్వాత కళ్లు మూసుకుని నోరు మూసేస్తాడు. నాలుగు దరువులు డోలక్ ఒక్కటే మోగుతుంది.

"మరి వంత ఎవరు పాడాలె?" అని అడిగాను.

"గట్లనే ఉండనియ్యి రావుసాబ్" అన్నాడు.

అతను వెళ్లాక నా చేయి ఊరుకోలేదు. మిషన్ వేగం పెంచి శ్రుతి పైకి లేపాను. ఖాళీలన్నిట్లో నా హార్మోనియం నింపాను. గొంతు పాతికేళ్ల కుర్రాడిదైపోయింది. మురిసిపోయి, ఎప్పటి అలవాటు ప్రకారం అసలు టేపులు చెరిపేశాను, వేరే పాటలకు పనికొస్తాయని.

వారం తర్వాత సామ్యూల్ వచ్చి తల వంచుకుని ఒక వైపంతా విన్నాడు.

"మంచిగనే ఉన్నది. గానీ గిది నాది గాదు" అన్నాడు. ఎందుకో తనే చెప్పాడు. "మా ఇంటామె సత్తవ్వకు గొంతుల గడ్డయితే నిరుడు తీపిచ్చిన. పానం దక్కింది, గొంతు బొంగురువోయింది. గప్పటి సంది పాట ముట్టలే. చర్చిల గూడ పెదవులు కదుపుతది, గంతే. నేను పాడితే లేచి బయటికి పోతది. క్యాసెట్ అయితే నేను డ్యూటీకి పోయినంక ఒక్కతే పెట్టుకుంటది గదా. అందుకే ఇప్పుడున్న గొంతుకు అందేటట్టు కిందికి పాడిన. ఆమె పాడే జాగ ఇడిచిపెట్టిన."

అసలు టేపులు లేవని చెప్పేశాను. అతను కోప్పడి ఉంటే బాగుండేది.

"మళ్ల సెలవు వెడ్త" అని లేచాడు.

రెండోసారి అతను వచ్చి పాడినప్పుడు వేగం మీట గానీ హార్మోనియం గానీ నేను ముట్టుకోలేదు. ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ కూర్చున్నాను. ఆ నాలుగు దరువుల్లో ఈసారి ఎవరో మనిషి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డట్టు అనిపించింది. క్యాసెట్ నేనే తెచ్చిస్తానని పట్టుబట్టి, తర్వాతి ఆదివారం మంచిర్యాల బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను.

సత్తవ్వ మెడ చుట్టూ కొంగు కప్పుకుని ఉంది. చాయ్ ఇచ్చి, పరదా వెనక గదిలోకి పోయింది. క్యాసెట్ అక్కడ పెట్టి వచ్చేయాలి, కానీ నాకంత ఓపిక ఏది? వాళ్ల మిషన్‌లో వేసి మీట నొక్కాను. సామ్యూల్ వద్దన్నట్టు చేయెత్తాడు, అప్పటికే డోలక్ మొదలైంది.

మొదటి పాట అయిపోయింది. పరదా కదల్లేదు. రెండోది, మూడోది. నా తొందర వల్ల మళ్లీ అంతా చెడిందని కుంగిపోయాను. నాలుగో పాట వచ్చింది.

*బొగ్గుబాయిల నేను నాటేసిన*
*నిద్రల పచ్చగ పొలమాయె*

పరదా తొలిగింది.

"నాటేసిన అంటవేంది? ఏ ఊర్ల మొగోళ్లు నాటేస్తరు?" అంది సత్తవ్వ భర్తతో. గొంతు గరుకుగా ఉంది. "ఆడోళ్ల పని గది. నువ్వు గట్టు మీద కునుకుతవు." ఎట్లా పాడాలో చూపించడానికి, తర్వాతి ఖాళీ వచ్చేసరికి అందుకుంది.

*నాటు నేనేస్తి, నువు కునికితివి*
*గట్టు మీదనే తెల్లారె*

సామ్యూల్ దించి పాడిన శ్రుతిలోనే సరిగ్గా పడింది ఆ బొంగురు గొంతు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. సామ్యూల్ మాత్రం ఆమె వైపు తల తిప్పలేదు, చూస్తే ఆపేస్తుందేమోనని మిషన్ వైపే చూస్తూ కూర్చున్నాడు.

తను పాడినట్టు ఆమెకు అప్పుడు తెలిసింది. చేయి మెడ మీదికి పోయింది. పాట ముందుకు పోయింది, ఒక ఖాళీ ఉత్తగా వెళ్లిపోయింది.

ఆమె నా వైపు తిరిగింది.

"గిది చెరిపెయ్యి సారూ. ఎల్లుండి నేను గూడ వస్త. గీయన ఒక్కని తోటి అయ్యేటట్టు లేదు."

దుకాణం పదింటికి తెరుస్తానని చెప్పాను.