జొన్న చేను అని రాసుకున్నారు

మా కులంలో చనిపోయినవాళ్ళను కాల్చరు. గుంతలో కూర్చోబెట్టి, అరచేతిలో లింగం పెట్టి, మట్టి కప్పుతారు. నా భార్య భాగీరథిని డెబ్బైనాలుగులో జహీరాబాద్ అంచున మా చేని గట్టు పక్కన అట్లాగే కూర్చోబెట్టాము. గుంత తవ్వినవాడు మా పాలేరు ఇస్సాకు. పైన మట్టి దిబ్బ, దాని మీద లింగం చెక్కిన నల్లరాయి. గట్టు అవతల బండ్ల బాట. బాటకు ఆ పక్కన ఇస్సాకు వాళ్ళ సమాధులు, వాటి మీద సిలువలు.

చేను నాకూ మా అన్న మహాదేవప్పకూ కలిసి ఉన్న పట్టా.

కొన్నేళ్ళకు జహీరాబాద్‌కు మాస్టర్ ప్లాన్ వచ్చింది. ఊరు తనకు తాను గీసుకున్న ప్లాను చెల్లదన్నారు. జిల్లా మొత్తానికి ఇంకొకటి ఉందట. బొంబాయి లారీలు చిరాగ్‌పల్లి దిక్కు నుంచి ఊళ్ళోకి రాకుండా బయటినుంచే పోవాలని అందులో ఉందట. ఊరి ప్లాను దానికి కలవాలి. మళ్ళీ గీసే ముందు ఏ చేనులో ఏముందో రాసుకోవడానికి మనుషులు వస్తారని చాటింపు వేశారు.

నేను రాయికోడ్‌లో మా అత్తను చూసి వచ్చేసరికి దిబ్బ లేదు. నాగటి చాళ్ళు ఉన్నాయి. రాయి పశువుల కొట్టం వెనక బోర్లా పడి ఉంది.

"ఏమ్రా సదాశివా, గట్ల సూస్తవ్?" అన్నాడు అన్న. "సమాధి కనవడితే చేనంత శ్మశానమని రాస్తరట. రేపు ప్లాట్లు జేస్తే ఎవడు కొంటడు? రాసుకొని పోనీ. మళ్ల నేనే కట్టిస్త."

"ఎవరు జెప్పిన్రు నీకు?"

"బజార్ల అందరు అంటున్రు."

బజారులో అన్నారని దున్నేశాడు. అందులో జొన్న చల్లాడు. మనుషులు వచ్చారు, మొలకలు చూశారు, జొన్న చేను అని రాసుకుని పోయారు. సమాధి మళ్ళీ కట్టలేదు. అడిగితే, ప్లాను తేలనీ అన్నాడు.

తేలింది. బండ్ల బాట వంద అడుగుల రోడ్డు కావాలన్నారు. ఒక పక్క సిలువలు ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. వెడల్పంతా మా చేనులోకి, భాగీరథి మీదికి వచ్చింది. మిగిలిన చేనుకు పటంలో ఇండ్ల జాగ అని పసుపు రంగు వేశారు.

"మా సిలువలు మమ్ముల కాపాడినయి పటేలా," అన్నాడు ఇస్సాకు. "మీరేమో ఉన్న రాయిని పీకేసుకుంటిరి."

అభ్యంతరాలు వినే రోజు ముగ్గురం పోయాము. సంగారెడ్డి నుంచి వచ్చిన ఆఫీసరు పటం పరిచి కూర్చున్నాడు. నా భార్య అక్కడ ఉందని చెప్పాను.

"ఆ గుంత నేనే తవ్విన సార్," అన్నాడు ఇస్సాకు.

ఆఫీసరు అన్న వైపు చూశాడు. "నువ్వు గూడ పట్టాదారువే గద. సమాధి ఉన్నదా?"

అన్న కండువా సర్దుకున్నాడు. రోడ్డు పడితే మిగిలిన చేనంతా రోడ్డు పక్కకు వస్తుంది, ధర పెరుగుతుంది. ఆ సంగతి ఆయనకు అప్పటికే తెలుసు.

"జొన్న చేను సార్. మీవోళ్లే రాసుకున్నరు."

"ఒక పట్టాదారు ఉన్నదంటడు, ఇంకొకడు లేదంటడు," అన్నాడు ఆఫీసరు. "నేను దేన్ని పట్టుకొని రోడ్డు జరపాలె? తవ్వి చూపియ్యి. ఉంటే జరుపుత."

ఇస్సాకు నా వైపు చూశాడు. తవ్వమంటే తవ్వేవాడు.

"కూసోవెట్టిన మనిషిని మళ్ల లేపమంటరా సార్?" అన్నాను.

ఆఫీసరు తర్వాతివాళ్ళను పిలిచాడు.

మొరం పోశారు, రోలర్ తిప్పారు. లారీలు పోతున్నాయి. నేను అన్నతో మాట్లాడటం మానేశాను. ఆయన మిగిలిన చేనులో ప్లాట్ల రాళ్ళు పాతించాడు. నేను సంతకం పెట్టలేదు కాబట్టి ఒక్కటీ అమ్ముడుపోలేదు.

ఎనభైయారులో అన్న మంచం పట్టాడు. తనను సొంత చేనులోనే కూర్చోబెట్టమన్నాడట. ఆయన పోయిన రోజు పొద్దున వదిన అనంతమ్మ మా గడపలోకి వచ్చింది.

"మరిదీ, మీ అన్నను చేన్ల పెడదమయ్యా. నువ్వు ఊఁ అనకుంటె పూజ జేసే జంగమయ్య రానంటున్నడు."

"చేను యాడున్నది వదినె? ప్లానుల అది ఇండ్ల జాగ. ఇండ్ల జాగల శవాన్ని పెట్టనియ్యరు."

"గా కాయితం ముచ్చట ఇప్పుడెందుకు? తోడవుట్టినోడు గాదా?"

"ఆ పసుపు ఆయిన కోరుకున్న రంగే."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది. కోహీర్ రోడ్డు మీది కులపోళ్ళ శ్మశానంలో పెట్టారు. నేనూ పోయాను. పిడికెడు మట్టి వేశాను.

దిబ్బ మీద పెట్టడానికి రాయి తేలేదని అప్పుడు గుర్తొచ్చింది వాళ్ళకు. "మీ కొట్టం వెనక ఒకటి ఉండాలె గద," అన్నాడు మా పాలివాడు రేవణసిద్ధప్ప.

"ఉన్నది," అన్నాను. "అది ఆయినది గాదు."