సుభాషిణి రికార్డులో లేని లెక్క

ఆ బడిలో సైన్స్ రికార్డు రాయడమంటే సుభాషిణి రికార్డు చూసి దించడమే. సుభాషిణి ఏడేళ్ల కిందట పదో తరగతి పాసై వెళ్లిపోయిన పిల్ల. ఇప్పుడు హన్మకొండలో ఏదో దవాఖానలో నర్సు అంటారు. ఆమె పోయినా ఆమె రికార్డు మాత్రం బడిని వదల్లేదు. ఏటా పదో తరగతి వాళ్లు పోతూ పోతూ దాన్ని తొమ్మిదో తరగతి వాళ్ల చేతిలో పెడతారు. అట్ట మూడుసార్లు మారింది, లోపలి అంకెలు ఒక్కసారీ మారలేదు. లెన్స్ ప్రయోగంలో సుభాషిణి మూడో అంకె తప్పు రాసి, కొట్టేసి, పైన మళ్లీ రాసింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ముందు ఆ తప్పు రాసి, శ్రద్ధగా కొట్టేసి, పైన మళ్లీ రాశారు. గొర్రెలైనా దారిలో గడ్డి కనిపిస్తే ఒకసారి ఆగుతాయి.

ఈ ఏడాది పదో తరగతికి వచ్చిన మహితకు ఒళ్లు మండింది. నిజం చెప్పాలంటే ఆ మంట ఆరో తరగతిలోనే అంటుకుంది. సైన్స్ పుస్తకంలో రెండు పేజీలకొక డబ్బా కట్టి, అందులో ఈ పని చేసి చూడండి అని ఉంటుంది. డబ్బా రాగానే సార్లందరిదీ ఒకటే మాట, "చేసినట్టు అనుకోండి." పిల్లలు అయస్కాంతం తిప్పినట్టు అనుకున్నారు. నిమ్మరసంలో లిట్మస్ కాగితం ముంచినట్టు, అది ఎర్రబడినట్టు అనుకున్నారు. నిమ్మకాయకేం కరువొచ్చిందని మహిత ఒకసారి అడిగితే క్లాసంతా నవ్వింది. అలా అనుకుని అనుకుని ఆమె సైన్సులో తొంభై తెచ్చుకుంది. ఆ తొంభైని చూస్తే ఆమెకు సంతోషం కాదు, సిగ్గేసేది. తినకుండా మూతి కడుక్కున్నట్టుండేది.

రికార్డులు చూడటానికి పై నుంచి ఎవరో వస్తున్నారని తెలిసిన రోజు, సైన్స్ చెప్పే భానుచందర్ సారు ల్యాబు బీరువా తుడవమని ఆమెను పంపాడు. అటెండరు వెంకటయ్య తాళం తీశాడు. కింది అరలో, దూదిలో చుట్టిన లెన్స్ ఒకటి కనపడింది. పదో తరగతికి వచ్చాక కూడా మహిత దాన్ని పుస్తకంలో బొమ్మగా చూడటమే. చున్నీతో తుడిచి, కిటికీకి ఎదురుగా ఉన్న గోడకు దగ్గరగా నిలబడి కిటికీ వైపు పట్టింది. వెనక గోడ మీద ఏదో పచ్చగా మెదిలింది. చేయి కాస్త వెనక్కి జరిపేసరికి బయటి వేపచెట్టు గోడ మీదికి వచ్చి కూర్చుంది, బొటనవేలంత, తలకిందులుగా. గాలికి దాని ఆకులు కూడా కదిలాయి. మహిత పైకే నవ్వింది. ఐదేళ్లలో సైన్స్ ఆమెను నవ్వించడం అదే మొదలు.

దూరాన ఉన్న చెట్టు గోడ మీద ఎక్కడ స్పష్టంగా పడుతుందో, అక్కడ లెన్స్‌కూ గోడకూ మధ్య ఎంత దూరముంటుందో అదే ఆ లెన్స్ ఫోకల్ లెంగ్త్. ఇది ఆమెకు కంఠతా వచ్చు. స్కేలు పెట్టి కొలిచింది. పదిహేను సెంటీమీటర్లు. సుభాషిణి రికార్డులో పది. తనదే తప్పనుకుని మళ్లీ కొలిచింది. ఐదుసార్లు కొలిస్తే నాలుగుసార్లు పదిహేను, ఒకసారి పదిహేనుకు ఒక గీత తక్కువ.

వెంకటయ్య చూసి చూసి, "అది పాతది కాదు బిడ్డా" అన్నాడు. "పాతది పలిగి ఐదేండ్లాయె. నా చేతులకెల్లే జారింది. గిది మల్ల తెచ్చిన్రు."

అంటే ఐదేళ్లుగా పిల్లలు పగిలిపోయిన అద్దం కొలత రాస్తున్నారు. చెత్తలో కలిసిన అద్దానికి సార్లు టిక్కులు పెడుతున్నారు. మహితకు నవ్వు పోయి కోపం వచ్చింది. రికార్డులో పదిహేను రాసి ఇచ్చింది.

భానుచందర్ సారు దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, "పది రాసి తీస్కరా, సంతకం పెడత" అన్నాడు. ఆమె ఉన్నది ఉన్నట్టుగా మళ్లీ తీసుకెళ్లింది. రెండోసారీ అదే కథ. పక్కన కూర్చునే దీప, "పది రాసేయరాదే, నీ సొమ్మేం పోతది?" అంది. పోయేదేమిటో మహితకు తెలుసు. రికార్డుకు ఇరవై మార్కులున్నాయి. బాసర ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కులను బట్టే వస్తుంది. ఆ సీటు తప్ప ఆమెకు వేరే కల లేదు. అక్కడ ఒక్క మార్కు తగ్గితే ఎంతోమంది వెనక్కి పోవాల్సిందే. అయినా చేయి పది రాయడానికి రాలేదు. మూడోసారి సారు, "మీ బాపును తీస్కరా" అన్నాడు.

వాళ్ల బాపు లక్ష్మీనర్సయ్య కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. మగ్గం ఆపి రావడమంటే ఆయనకు ప్రాణం మీదికి వచ్చినట్టే. దారి పొడవునా తిట్టాడు.

"సారు పది అంటే పది. నువ్వేమన్న సారు కన్న ఎక్కువ సదివినవా? బాసర బాసర అని ఇంట్ల పరేశాన్ చేస్తివి. ఇప్పుడేందే ఈ లొల్లి?"

"పది లేదు బాపూ ఆడ."

"లేకపోతే మాయె! రాస్తే ఏమన్న చెయ్యి అరుగుతదా?"

సారు గదిలో మాత్రం ఆయన వేరే మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు, తువాలు చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. భానుచందర్ సారు కూడా చెడ్డవాడేం కాదు, అలసిపోయినవాడు. రెండు బడుల సైన్స్ ఆయన ఒక్కడి నెత్తిన ఉంది.

"చూడు లక్ష్మీనర్సయ్యా, నీ బిడ్డ తెలివిగల్లదే. కాని మొండిది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అరవై మంది పది రాసిన్రు. ఇగ ఈమె పట్టిన కుందేలుకు మూడే కాళ్లు."

వెంకటయ్యను అడిగి తెచ్చిన లెన్స్‌ను మహిత బల్ల మీద పెట్టింది. "కుందేలు ఈడనే ఉన్నది సార్. కాళ్లు లెక్కపెట్టుండ్రి."

"నోరు మూయ్!" అని బాపు గద్దించాడు. తర్వాత ఏమనుకున్నాడో, సారు వైపు తిరిగి భయం భయంగానే అడిగాడు. "మీరు కొలిసిన్రా సార్?"

అడగకూడనిది అడిగానేమోనని లక్ష్మీనర్సయ్య తల దించుకున్నాడు. సారు లేచాడు. లెన్స్ తీసుకుని కిటికీ ఎదుటి గోడ దగ్గరికి వెళ్లి పట్టాడు. గోడ మీద చెట్టు పడింది. ఆయన మొహం ఒక్క క్షణం చిన్నపిల్లాడి మొహమైంది. స్కేలు మహితే పెట్టింది. పదిహేను.

సారు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"సరే, పదిహేనే" అన్నాడు గొంతు తగ్గించి. "అయినా పదే రాయమ్మా. అందరియి పదున్నంక నీదొక్కటి పదిహేనుంటే, వచ్చినోళ్లు అడుగుతరు. అరవై రికార్డులు ఇప్పుడు నేనేడ దిద్దియ్యాలె?"

మహితకు ఏడుపొచ్చింది. చూడక ముందు పది అంటే తెలియక అన్నాడనుకుంది. చూశాక కూడా పదేనా? ఆమె బాపు వైపు చూసింది. తువాలు నలపడం ఆగిపోయింది.

"సార్, ఆరడుగులని చెప్పి అయిదున్నర నేస్తే మాల్ కొనే చేనేత సొసైటోళ్లు దాన్ని మా మొకం మీదనే కొడ్తరు" అన్నాడు లక్ష్మీనర్సయ్య. "మా బిడ్డ ఉన్నది ఉన్నట్టు రాసింది. దీన్ల నేను చెప్పేది ఏముంటది?"

"మార్కులు పోతయి మరి."

జవాబు మహితే చెప్పింది.

"కొయ్యుండ్రి సార్. ఎన్నన్న కొయ్యుండ్రి. కాని ఎందుకు కోసిన్రో పక్కకు రాయుండ్రి."

సారుకు చిర్రెత్తుకొచ్చింది. రికార్డు లాక్కుని ఎర్ర పెన్ను మూత తీశాడు. ఇరవైకి పదహారు వేశాడు. కారణం రాయబోయి ఆగాడు. కొలత తప్పని రాయలేడు, ఇప్పుడే కళ్లారా చూశాడు. ప్రయోగం చేయలేదని రాయలేడు, అరవై మందిలో చేసింది ఈమె ఒక్కతే. పెన్ను కాగితం మీద ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. చివరికి ఒక ముక్క గీకి, సంతకం పెట్టి, రికార్డు ఆమె వైపు తోశాడు.

చెప్పిన మాట వినలేదు.

మహిత దాన్ని రెండుసార్లు చదువుకుంది. నాలుగు మార్కులు పోయినందుకు గుండె కలుక్కుమంది. కళ్లు తుడుచుకుని తలెత్తింది.

"ఇది కరెక్టే సార్."