బండ మీద రెండు వరుసలు

కర్నూలు రాజధాని అయిన మరు వేసవి. నందవరం దాపున మా ఊరి కొత్త బావి గట్టున ఉదయం నుంచి కూర్చుని రాస్తూ చెరుపుతున్నాను. ఆదోని నుంచి వచ్చిన రాతిపనివాడు బడే సాబ్ మధ్యాహ్నపు బస్సుకు తిరిగి వెళ్ళాలి. నాపరాయి మీద నేను సుద్దతో రాసినదానినే అతడు ఉలితో చెక్కుతాడు. చెక్కిన పిమ్మట దిద్దడానికి వీలుండదు.

మూడు నెలల క్రిందట ఈ బావి తవ్వుతుండగా మట్టిపెళ్ళ విరిగిపడి ఈరన్న మరణించాడు. తోడివారు మట్టి తొలగించేసరికి అడుగున నీరు ఊరుతోంది. శాంతి చేయించినా ఆ నీటిని ఎవరూ ముట్టలేదు. ఆడవారు క్రోసెడు దూరం నడిచి వాగులో చెలమలు తోడుకుంటున్నారు. పెనిమిటి తవ్విన నీరు వృథా పోరాదని అతని భార్య భీమక్క బండ వేయించమని పట్టుబట్టింది. రాసే భారం నాపై పడింది.

నలభై ఏండ్లు ఛందస్సును సేవించినవాణ్ణి, సీసం అల్లాను. అందులో బావి పాతాళగంగ అయింది, ఈరన్న వీరభద్రుడయ్యాడు. చదివి వినిపించాను.

బడే సాబ్ బండను జానతో కొలిచి నవ్వాడు. "సామీ, ఇది పట్టల్లంటే బావి సుట్టూ బండలే పరసల్ల."

భీమక్క నవ్వలేదు. "ఆ వీరబద్దరుడు ఎవురు సామీ? మా ఆయప్ప ఈరన్న గదా!"

నా ముఖం చిన్నబోయింది. పద్యం తుడిచి వచనంలో ఒకే వాక్యం రాశాను: "ఈ బావిలో ఈరన్న ప్రాణము విడిచెను."

"ఇది సదివినోళ్ళు కడవ ముంచుతారా? పీనుగ తీసిన బావి అని సాటినట్లుండాది."

"జరిగినదే కదమ్మా?"

"జరిగిందే. ఆయప్ప తవ్వింది గూడా జరిగిందే గదా సామీ!"

మళ్ళీ తుడిచాను. "ఈరన్న త్యాగముచే లభించిన జలము" అని రాశాను. త్యాగము నిలవలేదు, అతడు దిగినది కూలికి, చావుకు కాదు. లభించిన అన్నదీ నిలవలేదు. ఎవరూ ఇవ్వలేదు, తవ్వాడు. అరచేతి చెమటకు సుద్ద కరుగుతోంది.

"బస్సు నా కోసరం నిలబడదు సామీ," అన్నాడు బడే సాబ్.

"ఈ నీరు ఈరన్న తవ్వినది. తాగండి" అని రాసి చూపాను.

"తాగమనేది ఎవురు?" అంది భీమక్క. "సచ్చినోని ఇంటోళ్ళు పిలవందే ఎవురు ముడతారు? నేనంటాండాను అని రాయి సామీ."

నా శాస్త్రంలో ఎక్కడా దొరకని మాట అది. రాశాను:

ఈ నీరు ఈరన్న తవ్వినది.
భార్య భీమక్క తాగమంటున్నది.

ఉలి మోగింది. చెక్కడం ముగిసేసరికి వాగు దారి పట్టిన సిద్దమ్మ ఖాళీ కడవతో ఆగి, ఏమి రాసినారని అడిగింది. చదివాను. ఆమె నన్ను గాక భీమక్కను చూసింది.

"నువ్వేనా అనేది?"

"నేనే. దించక్కా కడవ."

సిద్దమ్మ కడవను గట్టున దించింది. పిదప చేద తాడు అందుకుంది. తాడు లోపలికి జారుతున్నంతసేపూ నా వేలు ఆ రెండు వరుసలనూ తడుముతూనే ఉంది, ఇంకొక మాట మార్చవలసి ఉన్నదేమోనని.