తీపి దుమ్ము

మోకాళ్ళు ఒరుసుకుపోతున్నా మార్నీ హాల్లో మూడో కిటికీ దగ్గరికి జరిగింది. సబ్బునీళ్ళ బకెట్ ఒకటి, మంచినీళ్ళది ఒకటి. తడి కాగితంతో కిటికీ గాడిని ఒక్కసారే తుడిచి, ఆ కాగితం పారేసి, ఇంకోటి తీసుకోవాలి. పొడి చీపురు ముట్టుకోకూడదు. ఇదంతా ఆరోగ్యశాఖ నర్సు ఇంటికొచ్చి నేర్పింది. నేర్పేటప్పుడు భర్త గ్రాంట్ కూడా పక్కనే నిలబడ్డాడు గానీ, ఆవిడ మాత్రం మార్నీనే చూస్తూ చెప్పింది. తుడిచే మనిషెవరో ఒకరు చెప్పాలా ఏమిటి!

అమెరికాలోని రాచెస్టర్‌లో ఆ వీధి ఇళ్ళన్నీ పాతవే. పాత రంగుల్లో సీసం ఉంటుందనీ, ఆ పెచ్చులు నాలుక్కి తియ్యగా తగులుతాయనీ, ఏడాదిన్నర పిల్ల టెస్ వేలికొన నుంచి తీసిన చుక్క రక్తంలో అది తేలేదాకా మార్నీకి తెలియదు. సీసం పిల్లల మెదడును తినేస్తుందట, పోయింది మళ్ళీ రాదట. అప్పటినుంచి ఆమెకు కలలో కూడా తుడవడమే. బొమ్మలు కడగాలి, పిల్ల చేతులు కడగాలి, సీసం ఒంటికి పట్టకుండా ఇనుము ఉన్న తిండి వండి బతిమాలి పెట్టాలి. తను పనిచేసే పళ్ళ డాక్టరు క్లినిక్‌లో సెలవడిగితే మేనేజరు "మళ్ళీ పాపేనా?" అని ఇకిలిస్తాడు. గ్రాంట్ ఒక్కసారి టెస్‌ని ఎత్తుకుని ఆస్పత్రికి వెళితే మాత్రం, ఎంత మంచి తండ్రో అని అక్కడివాళ్ళంతా మురిసిపోయారు.

గ్రాంట్ పుట్టి పెరిగిన ఇల్లది. అత్తగారు ఐలీన్ ఆదివారాలు వచ్చి కూర్చుని, "ఈ ఇంట్లోనే నలుగుర్ని పెంచాను. ఒక్కడన్నా మొద్దు అయ్యాడా? మా రోజుల్లో ఇల్లు ఇల్లులా ఉండేదమ్మాయ్" అంటుంది. కిటికీలు మార్పిద్దామంటే గ్రాంట్‌కి ప్రాణం పోయినంత పనవుతుంది. "ప్లాస్టిక్ కిటికీలా? ఇది అసలు సిసలు కలప! ఈ పనితనం ఇప్పుడెవడికి వచ్చు?" గోడలో దాగి, తాళ్ళతో అద్దాల్ని పైకి లాగే ఇనప బరువుల గురించి వచ్చినవాళ్ళందరికీ చెప్పి, ఒంటివేలితో అద్దం చట్రం పైకెత్తి చూపించాల్సిందే. వాళ్ళు ఆహా అనాల్సిందే.

రెండో పరీక్షలో సీసం తగ్గకపోగా పెరిగింది. "ఇంకాస్త జాగ్రత్తగా తుడవండమ్మా" అన్నాడు డాక్టరు. కారులో గ్రాంట్ మెత్తగా, ఆమె మేలు కోరుతున్నట్టే, "అలిసిపోయి ఎక్కడో వదిలేస్తున్నావనుకుంటా. మూలల్లో చూసుకో, మార్నీ" అన్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. అన్నిటికన్నా ఘోరం, ఆ మాట నమ్మింది. వారమంతా మూలలు వెతుకుతూనే ఉంది.

శనివారం సాయంత్రం గ్రాంట్ స్నేహితుడు డెన్నిస్, భార్యతో సహా భోజనానికి వచ్చాడు. వాళ్ళొస్తారని మార్నీ మధ్యాహ్నమే కిటికీలన్నీ మళ్ళీ తుడిచింది. గ్రాంట్ వాళ్ళను నేరుగా హాల్లో కిటికీ దగ్గరికే నడిపించాడు.

"చూడు, ఒక్క వేలు!"

చట్రం గరగరమంటూ పైకి పోయింది. దించాడు. మళ్ళీ ఎత్తాడు. చెక్కకు చెక్క ఒరుసుకుని, ఆమె తుడిచిన గాడిలోకి పాత రంగు తెల్లటి పొడిగా సన్నగా రాలింది. టెస్ అందులో అరచెయ్యి అద్దుకుని నోటికి తీసుకెళ్ళబోయింది.

మార్నీ ఆ చెయ్యి గాల్లోనే పట్టుకుంది. తను ఏ మూలా వదల్లేదు. తను తుడుస్తూనే ఉంది, అతను రాలుస్తూనే ఉన్నాడు, పైగా చప్పట్లు అతనికి. సింకు దగ్గర పిల్ల చెయ్యి రుద్ది రుద్ది కడిగింది. తర్వాత పిల్ల బట్టలు రెండు సంచుల్లో కుక్కి బయటికి నడిచింది.

గ్రాంట్ వెనకాలే పరుగెత్తుకొచ్చాడు. "వాళ్ళను భోజనానికి పిలిచి ఏంటిది? నా పరువు తీస్తావా?"

"మాంసం ఓవెన్‌లో ఉంది, వడ్డించుకో. మా అక్క జోడీ ఇంటికి వెళ్తున్నాం. వాళ్ళది కొత్త అపార్ట్‌మెంటు."

అతని గొంతు తగ్గింది. "సరే, నాలుగు రోజులు ఉండు. ఎప్పుడొస్తావో అదన్నా చెప్పు."

ఆమె టెస్‌ని కారు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది.

"అది నేను చెప్పేది కాదు గ్రాంట్," అంది. "దీని రక్తం చెప్పాలి."