మైలలో పాడిన పాట

మరిది ఫణీంద్ర మీద వసుంధరకున్న ఫిర్యాదు ఒకటే. మైకు ముందు పులిలా గాండ్రించే మనిషి, ఉప్మాలో ఉప్పు లేదని చెప్పడానికి మాత్రం గొంతు పెగల్చడు. అతని పాట కన్నా హైటెక్ సిటీ కోసం మాదాపూర్‌లో బండలు పేల్చే చప్పుడే నయమనేది ఆమె. అది పొద్దుగూకితే ఆగుతుంది.

అత్తగారు పోయినప్పుడు అతను కంటతడైనా పెట్టలేదు. పైగా మైల తీరకముందే స్టూడియోకు వెళ్లి, అరుపులే పాటలుగా సాగే తన బ్లాక్ మెటల్ రాక్ బృందం ఆల్బమ్‌కు చివరి పాట పాడి వచ్చాడు. ఆనాటి నుంచి మామగారు నరసింహయ్య కొడుకుతో మాట్లాడటం మానేశారు. ఇద్దరికీ విడివిడిగా వడ్డించడం వసుంధర వంతయింది.

ఇక ఈ ఇంట్లో ఉండలేనని ఫణీంద్ర ఒక ఉదయం సంచి సర్దుకోసాగాడు. వసుంధర హాల్లోకి వచ్చి, అతని ఆల్బమ్ క్యాసెట్టు టేప్‌రికార్డర్‌లో పెట్టి చివరి పాట దాకా తిప్పింది.

"ఏందమ్మా అది?" అన్నారు నరసింహయ్య.

"మీ కొడుకు కచేరీ మామా. నచ్చకుంటే చెవుల్లో దూది పెట్టుకోండి."

పాట నడుమ డ్రమ్స్, గిటార్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మిగిలిన ఫణీంద్ర గొంతు "అమ్మా" అని అరిచింది. ఆ అరుపు పగిలి వెక్కిళ్లయింది. స్టూడియోలో వాటిని ఎవరూ చెరపలేదు, అలాగే ఉంచేశారు.

నరసింహయ్య లేచి కొడుకు గది గుమ్మం దాకా వెళ్లారు.

"నీకు ఏడుపే రాలేదనుకుంటిని రా ఫణీ" అన్నారు. "తప్పు నాదే."