నాలుగో టేబుల్ దగ్గర దుద్దులావిడ

మా ఓడ భోజనశాలలో ఎవరు ఏ టేబుల్ దగ్గర కూర్చోవాలో రాసేది నేను. పద్దెనిమిది దేశాల జనం ఎక్కుతారు. ఒకే భాషవాళ్ళని ఒకచోట వేస్తే పన్నెండు రోజులూ ఏ గొడవా ఉండదు. మొదటి రోజు ఇచ్చిన టేబులే చివరి రోజు దాకా. ఎంతటివాళ్ళు అడిగినా మార్చకూడదు, అది కెప్టెన్‌గారి నియమం.

ఈసారి గుమ్మంలో ఆవిడ కనబడగానే నా ఒళ్ళు మండిపోయింది. రెండు చెవులకూ పచ్చరాళ్ళ దుద్దులు! పోయినేడాది ఇదే ఓడలో, "ఒక దుద్దు పోయింది, గదులు సర్దే పిల్లే తీసింది" అని గగ్గోలు పెట్టింది ఈవిడే. ఆ పిల్ల నా చెల్లెలు. మర్నాడే రేవులో దింపేశారు. దొంగ అని కాగితాల్లోకెక్కాక ఏ ఓడా దాన్ని పనిలోకి తీసుకోలేదు. ఏడాదిగా ఇంట్లో గోడ వంక చూస్తూ కూర్చుంటోంది.

"ఏమ్మా, మన భాషవాళ్ళున్న టేబుల్ చూడు" అంది. నేనెవరో ఆవిడకేం తెలుసు!

"అయ్యో, అవన్నీ నిండిపోయాయండీ" అన్నాను. పచ్చి అబద్ధం. మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

నిలదీస్తే కొత్తది చేయించుకున్నానంటుంది. మన భాషవాళ్ళ ముందైతే నోరు అదుపులో పెట్టుకుంటుంది. అందుకే నాలుగో టేబుల్‌కి వేశాను. అక్కడ ఏడుగురు, ఏడు దేశాలవాళ్ళు, ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాదు. అందులో ఒకాయన నగల వర్తకుడు. ఆరేళ్ళుగా చూస్తున్నాను, మాట కలవని చోట జనం రెండో రోజుకల్లా సైగలతో నాటకాలు మొదలుపెడతారు. కెప్టెన్‌గారు ఏ రోజు ఎవరితో భోంచేయాలో రాసేదీ నేనే. మూడో రోజు మధ్యాహ్నం నాలుగో టేబుల్ అని రాసిపెట్టాను.

అనుకున్నట్టే మూడో రోజు భోజనంలో, కెప్టెన్‌గారి ఎదుటే, వర్తకుడు దుద్దులు చూసి కళ్ళు పెద్దవి చేసి మెచ్చుకున్నాడు. ఆవిడ ఉబ్బితబ్బిబ్బయింది. ఒక చెవి మూసి చూపించింది, పోయిందని. గుండెలు బాదుకుంది. వంగి మంచం కింద వెతికినట్టు చేసింది. చివరికి కోటు అస్తరులోకి వేలు దూర్చి, టక్కున బయటికి తీసి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను నీళ్ళ కూజా కింద పెట్టాను.

"దుద్దు మీ కోటులోనే దొరికిందా అమ్మగారూ? మరి నా చెల్లెల్ని దొంగన్నారే!" అదే మాట కెప్టెన్‌గారి భాషలోనూ చెప్పాను.

ఆవిడ మొహం పాలిపోయింది. "ఛ, ఛ! ఇది కొత్తది. నేనెక్కడ చెప్పాను దొరికిందని?"

కెప్టెన్‌గారు వర్తకుడి వైపు చూశారు. ఆయన చెవి మూశాడు, వెతికాడు, కోటులోంచి తీశాడు. పక్కన ముసలావిడా అంతే. ఆ పక్కాయనా అంతే. ఏడుగురూ వరసగా చేసి చూపించారు.

సాయంత్రానికి చెల్లెలి మీది నింద కొట్టేస్తూ కెప్టెన్‌గారు సంతకం పెట్టి, ఆవిడ చేతా పెట్టించారు. ఫోన్లో చెప్తే చెల్లెలు చాలాసేపు ఏడ్చింది. "అక్కా, నా యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటానే" అంది.

అయినా నా కసి తీరలేదు. మర్నాడు ఆవిడ వచ్చి నా చేతులు పట్టుకుంది.

"తల్లీ, నీకు పుణ్యముంటుంది, టేబుల్ మార్చు. ఏ మూలైనా ఫరవాలేదు."

"నియమమండీ. ఇంకా తొమ్మిది రోజులేగా!" అంటూ కుర్చీ లాగి పట్టుకున్నాను.

ఆవిడ తల వంచుకుని కూర్చుంది. ఏడుగురూ తలా ఒక చెవి మూసి పలకరించారు.